పరిచయం లేనివాళ్లు చేసిన సాయం తీర్చుకునేదెలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ: బంధువులెవరూ లేని ఒక చిన్న చోటికి ఉద్యోగం కోసం వచ్చారు. వచ్చిన నాలుగో నెలలో మెట్ల మీద జారి కాలు విరిగింది. అప్పటిదాకా పేర్లు కూడా తెలియని మనుషులు ఆరు వారాలు వంతులేసుకుని భోజనం తెచ్చారు, ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఇల్లు ఊడ్చిపెట్టారు. ఇప్పుడు మీరు నడుస్తున్నారు. కానీ వాళ్లు ఎదురైతే తల ఎత్తి చూడలేకపోతున్నానని రాశారు. అందరికీ బహుమతులు కొనిస్తే ఇద్దరు తీసుకోలేదట, ఒక పెద్దావిడ నొచ్చుకున్నారట. ఈ రుణం ఎలా తీర్చుకోవాలి, వాళ్లు నా దగ్గర ఏమైనా ఆశిస్తున్నారా, మళ్లీ అవసరం పడితే ఏ మొహంతో అడగాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

సూటిగా చెప్తాను: చేసినవాళ్లకే, చేసినంతా, వెంటనే తిరిగి ఇచ్చేయాలని చూడకండి. ఎవరు చేసిన ఏ పని మీకు ఎలా అక్కరకొచ్చిందో వాళ్లకు విడివిడిగా చెప్పండి. ఈ నెలలోనే వాళ్లలో ఒకరిని ఇంకో చిన్న సాయం అడగండి. అవును, ఇచ్చేది తర్వాత, ముందు అడగండి. ఆ తర్వాత అక్కడికి కొత్తగా ఎవరొచ్చినా, ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మీ చేతనైన ఒక పనిని మీదిగా తీసుకోండి. ఇందులో మీకు వింతగా అనిపించేది మధ్యలో చెప్పిన మాట అని తెలుసు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను నర్సుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఇళ్లకు వెళ్లి మంచంలో ఉన్నవాళ్లను చూసుకునే పని. గత పద్నాలుగేళ్లుగా సుమారు నూట ఇరవై ఇళ్లున్న ఒక చోట, జబ్బు చేసినవాళ్లకూ ఒంటరిగా ఉన్నవాళ్లకూ ఇరుగుపొరుగు సాయం అందేలా చూసే చిన్న బృందంలో ఉన్నాను. ఎవరు ఎవరికి ఏం చేయాలో రాసుకునే నోట్‌బుక్ నా దగ్గరే ఉంటుంది. కాబట్టి సాయం చేసేవాళ్లనూ తీసుకునేవాళ్లనూ దగ్గర నుంచి చూశాను. ఈ రెండింటిలో తీసుకోవడమే చాలామందికి కష్టం.

బహుమతి ఇస్తే ఆవిడ ఎందుకు నొచ్చుకున్నారో ముందు చెప్తాను. మా బృందం మొదలైన రెండో ఏడాది ఒకావిడకు పెద్ద ఆపరేషన్ అయింది. ఆవిడ చాలా మర్యాదస్తురాలు. ఎవరైనా భోజనం తెస్తే మర్నాటికి వాళ్లింటికి ఏదో ఒకటి పంపేది. ఎవరైనా కారులో ఆసుపత్రికి తీసుకెళ్తే ఇంటి దగ్గర దిగకముందే పెట్రోల్ డబ్బులు చేతిలో పెట్టేది. నెల తిరిగేసరికి ఒక్కొక్కరే రావడం తగ్గించారు. ఆవిడ మీద ఎవరికీ కోపం లేదు. "మనం వెళ్తే ఆవిడకు ఖర్చు, ఇబ్బంది" అనుకున్నారు. ఇంకొకరు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఆవిడ ఇంటికెళ్తే బిల్లు కట్టించుకుని వచ్చినట్టుంటుంది." ఆ తర్వాత ఒకరోజు ఆవిడ బాత్రూంలో జారిపడితే మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియలేదు. మామూలుగా అయితే ఉదయమే ఎవరో ఒకరు తలుపు తట్టేవారు.

ఆవిడ మనసులో ఉన్నది కృతజ్ఞతే. కానీ లెక్క వెంటనే సరిచేసేస్తే "మీకూ నాకూ ఇక ఏమీ లేదు" అని అవతలివాళ్లకు వినపడుతుంది. దుకాణంలో డబ్బిచ్చి సరుకు తీసుకుంటే అక్కడితో ఆ పని ముగుస్తుంది, అక్కడ అదే మర్యాద. ఇరుగుపొరుగు మధ్య ఎప్పుడూ కొంచెం బాకీ ఉంటుంది. ఈసారి వాళ్లు, వచ్చేసారి మీరు, ఆ తర్వాత ఇంకెవరో. ఆ బాకీ ఉన్నన్నాళ్లూ ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్లడానికి కారణం ఉంటుంది. మీరిచ్చిన బహుమతి తప్పు కాదు. అందరికీ ఒకే రోజు, ఒకే రకమైన వస్తువు ఇచ్చారు చూడండి, అది లెక్క తేల్చినట్టు కనిపించి ఉంటుంది.

వాళ్లు ఏమైనా ఆశిస్తున్నారా అని అడిగారు. నిజాయితీగా చెప్పాలంటే, ఆశిస్తారు. మీ డబ్బు కాదు, వస్తువులు కాదు. మీరు కనిపించినప్పుడు పలకరించాలని, వాళ్లు చేసింది మీకు పనికొచ్చిందో లేదో తెలియాలని, రేపు వాళ్లకు కష్టమొస్తే మీరు మొహం తిప్పుకోరని ఆశిస్తారు. ఇది స్వార్థమని నేను అనుకోను. తల దించుకుని పక్కగా వెళ్లిపోతే మీరు సిగ్గుపడుతున్నారని వాళ్లకు తెలియదు. ఏదో తప్పు జరిగిందని అనుకుంటారు.

ఇంకో మాట. చిన్న చోట్ల మనుషులు పుట్టుకతో మంచివాళ్లని, పెద్ద నగరాల్లో వాళ్లకు మనసు లేదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధన చదువుతున్న 40 మంది విద్యార్థుల మీద డార్లీ, బ్యాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం 1973లో అచ్చయింది. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం మంది ఆగి ఏదో ఒక సాయం చేశారు. ఆలస్యమైపోయిందని తొందరపెట్టి పంపినవాళ్లలో 10 శాతం మందే ఆగారు. దారిలో పడి ఉన్న మనిషికి సాయం చేసిన ఒక పరాయివాడి కథ మీద మాట్లాడటానికి వెళ్తున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు! అందరూ దాదాపు ఒకే రకం మనుషులు. తేడా వచ్చింది టైమ్ దగ్గర.

మీకు సాయం చేసినవాళ్లు మంచివాళ్లే, అందులో సందేహం లేదు. దాంతోపాటు వాళ్లకు మీ కాలు విరిగిన సంగతి తెలిసింది, మీ ఇల్లు నాలుగడుగుల దూరంలో ఉంది, చేయాల్సిన పని అరగంటది, తాను చేయలేని రోజు ఇంకొకరు చేస్తారన్న ధీమా ఉంది. ఈ నాలుగూ కుదిరితే చాలామంది కదులుతారు. ఏ ఒక్కటి తప్పినా ఎంత మంచివాళ్లైనా "అయ్యో" అని ఊరుకుంటారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీరు దీన్ని కొందరు మహానుభావుల త్యాగంలా చూస్తున్నారు. త్యాగమైతే మనం ఎప్పటికీ తీర్చలేం, తల వంచుకోవడం ఒక్కటే మిగులుతుంది. నలుగురూ కలిసి నడుపుతున్న ఒక ఏర్పాటులా చూస్తే అందులో మీకూ ఒక చోటుంటుంది.

రుణం తిరిగి ఇవ్వడం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు గాండర్ గుర్తొస్తుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో, అప్పట్లో సుమారు పదివేల మంది ఉన్న చిన్న పట్టణం అది. 2001 సెప్టెంబర్ 11న అమెరికా తన గగనతలాన్ని మూసేసినప్పుడు 38 పౌర విమానాలు అక్కడ దిగాయి. ప్రయాణికులూ విమాన సిబ్బందీ కలిపి ఆరున్నర వేలకు పైగా మంది, దాదాపు ఎవరికీ అక్కడ చుట్టమూ పక్కమూ లేరు. గాండర్‌తో పాటు చుట్టుపక్కల ఊళ్లు కూడా వాళ్లను బడుల్లో, ప్రార్థనా మందిరాల్లో, సొంత ఇళ్లల్లో కొన్ని రోజుల పాటు ఉంచుకున్నాయి. అప్పటికి సమ్మెలో ఉన్న స్కూలు బస్సు డ్రైవర్లు సమ్మె ఆపి మరీ బండ్లు తీశారు. వెళ్లేటప్పుడు ప్రయాణికులు డబ్బు ఇవ్వబోతే చాలామంది పుచ్చుకోలేదు. లూయిస్‌పోర్ట్ అనే పక్క ఊళ్లో ఉన్న ప్రయాణికులు తిరుగు ప్రయాణంలోనే, విమానంలో కూర్చునే ఒక పని చేశారు. ఆ ఊరి పిల్లల పైచదువుల కోసం స్కాలర్‌షిప్ నిధి మొదలుపెట్టారు. ఎవరు ఎవరికి దుప్పటి ఇచ్చారన్న లెక్క అందులో లేదు. దుప్పటి ఇచ్చిన మనిషికి పిల్లలు ఉన్నారో లేదో కూడా తెలియదు. అయినా ఊరు సంతోషంగా తీసుకుంది. వాళ్లకు తీరిక దొరికినప్పుడు, తమకు చేతనైన రూపంలో, ఆ చోటుకు ఇచ్చారు.

మీరు నిధులేవీ పెట్టక్కర్లేదు. పద్ధతి మాత్రం అదే.

ఇప్పుడు చేయాల్సిన పనులు.

కృతజ్ఞత చెప్పేటప్పుడు "చాలా థ్యాంక్సండి" దగ్గర ఆగిపోకండి. చాలా ఏళ్ల క్రితం మా నాన్నగారు ఐసీయూలో ఉన్నప్పుడు నేను బయట వరండాలో కూర్చుని ఉన్నాను. నర్సునే అయినా, డాక్టర్ చెప్తున్నది ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదు. పక్క పేషెంటు తాలూకు ఒకావిడ, ముక్కూమొహం తెలియని మనిషి, లేచి వచ్చి నా పక్కన నిలబడి, డాక్టర్ చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి నా చేతిలో పెట్టింది. ఏ మందు, ఏ పరీక్ష, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి, అంతే. ఆ రాత్రి మా అన్నయ్యకు ఫోన్ చేసి ఆ కాగితమే చదివాను. మర్నాడు ఆవిడ పేషెంటును వేరే వార్డుకు మార్చారు. ఆవిడకు నేను ఏమీ చెప్పలేకపోయాను. తన చేతిరాత నాకు ఎంత ఆసరా అయిందో ఆవిడకు ఎప్పటికీ తెలియదు. ఆ వెలితి నాకు ఇప్పటికీ ఉంది. మీకు చెప్పే అవకాశం ఉంది కాబట్టి వదులుకోకండి.

"మీరు ఆ మంగళవారం వచ్చి కిటికీ తీసి, కాసేపు కూర్చుని మాట్లాడి వెళ్లారు. రెండు రోజుల తర్వాత ఆ రాత్రే నాకు నిద్ర పట్టింది" అని చెప్పండి. ఏ రోజు, ఏ పని, దాని వల్ల మీకు ఏమైంది. సాయం చేసినవాళ్లు తమ పనిని చాలా చిన్నదిగా చూస్తారు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2022లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. షికాగోలో మంచు మీద స్కేటింగ్ చేసే చోట కొందరు ఒక కప్పు వేడి పానీయాన్ని పరిచయం లేనివాళ్లకు ఇచ్చేలా ఏర్పాటు చేశారు. అవతలివాళ్లు ఎంత సంతోషిస్తారని ఇచ్చినవాళ్లు అనుకున్నారో, తీసుకున్నవాళ్లు నిజంగా అంతకంటే ఎక్కువే సంతోషించారు. ఇచ్చినవాళ్ల దృష్టిలో అది ఒక కప్పు. తీసుకున్నవాళ్లకు మాత్రం ఒకరు తమను పట్టించుకున్నారన్నది కూడా అందులో ఉంది. ఈ తేడా మీరు నోరు తెరిచి చెప్తేనే మీవాళ్లకు తెలుస్తుంది. తెలిస్తే రేపు ఇంకొకరి తలుపు తట్టడానికి వాళ్లకు ఉత్సాహం వస్తుంది.

ఉత్తరం రాసినా సరే. మొహమాటం ఎక్కువగా ఉన్నవాళ్లకు కాగితమే మేలు. మా దగ్గర ఒక కుర్రవాడు ఎదురుగా నిలబడి రెండు మాటలు మాట్లాడలేడు. నాలుగు లైన్లు రాసి తలుపు కింద నుంచి తోసి వెళ్లాడు. అది అందుకున్న పెద్దాయన దాన్ని మడిచి కళ్లజోడు పెట్టెలో దాచుకున్నారు.

రెండోది, చిన్న సాయం అడగండి. మీకు నిజంగా కావలసిందే, పావుగంటలో అయిపోయేదే. నిచ్చెన కావాలని, ఒక పార్సిల్ తీసి ఉంచమని, మంచి ప్లంబర్ ఎవరో చెప్పమని. మీ బహుమతికి నొచ్చుకున్న ఆ పెద్దావిడనే అడిగితే ఇంకా మంచిది. బహుమతి మూసిన తలుపును ఈ చిన్న అడగడం తెరుస్తుందని నేను చాలా ఇళ్లల్లో చూశాను. బాత్రూంలో పడ్డావిడ గురించి చెప్పాను కదా, ఆవిడ విషయంలోనూ అదే జరిగింది. కోలుకున్నాక ఎదురింటి అమ్మాయిని "నా ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టమ్మా" అని అడిగింది. ఆ అమ్మాయి ఆ రోజు రెండు గంటలు అక్కడే కూర్చుంది. తర్వాత వారంలో ఇద్దరు ముగ్గురు మళ్లీ రావడం మొదలుపెట్టారు.

అడిగితే కాదంటారన్న భయం మనం అనుకున్నంత నిజం కాదు. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థులను కొత్తవాళ్ల దగ్గరకు పంపి ఐదు ప్రశ్నపత్రాలు నింపించుకు రమ్మన్నారు. ఐదుగురు ఒప్పుకోవాలంటే సుమారు 20 మందిని అడగాల్సి వస్తుందని వాళ్లు ముందు అంచనా వేశారు. తీరా అడిగితే సుమారు 10 మందితోనే పనైపోయింది. ఎదురుగా వచ్చి మర్యాదగా అడిగిన మనిషికి కాదని చెప్పడం అవతలివాళ్లకూ ఇబ్బందే. మనం అడిగేవైపు నిలబడి మన ఇబ్బందినే చూసుకుంటాం.

దీనికి ఒక షరతుంది. కాదని చెప్పడం ఇబ్బంది కాబట్టే, కాదనడానికి దారి వదిలి అడగాలి. "ఈ రోజు కుదరకపోతే పర్వాలేదు, ఇంకొకరిని అడుగుతాను" అన్న మాట నిజంగా మనస్ఫూర్తిగా అనండి. వాళ్లు కుదరదంటే, మర్నాడు అంతకుముందులాగే పలకరించండి. ఒకసారి కాదన్నా ఏమీ కాలేదని తెలిసిన మనిషి రెండోసారి నిజంగా ఇష్టపడి చేస్తాడు.

అడిగేటప్పుడు ఒక మనిషిని, పేరు పెట్టి, ఫలానా పని అని అడగండి. వాట్సాప్ గ్రూపులో "ఎవరైనా సాయం చేయగలరా" అని పెడితే ఎనభై మంది చదివి, మిగతా డెబ్బైతొమ్మిది మందిలో ఎవరో ఒకరు చేస్తారులే అనుకుంటారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. 1968లో డార్లీ, లటానే అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో, వేరే గదిలో ఉన్న ఒకరికి మూర్ఛ వచ్చినట్టు హెడ్‌ఫోన్స్‌లో వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ఆగేలోపే లేచి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవాళ్లలో అలా చెప్పినవాళ్లు 31 శాతమే. మా బృందంలో ఈ సంగతి అనుభవం మీదే తెలిసింది. ఇప్పుడు గ్రూపులో అడగం. నోట్‌బుక్ చూసి, ఎవరి వంతో చూసి, ఒక్కరికి ఫోన్ చేస్తాం. "గురువారం పదింటికి, ఫిజియోథెరపీకి, వెళ్లి రావడానికి గంటన్నర" అని చెప్తాం. గంటన్నర అని తెలిస్తే మనిషి ఒప్పుకుంటాడు. ఎంతసేపో తెలియకపోతే వెనకాడతాడు.

ఇక మీ వంతు గురించి. "నాకు కారు లేదు, వంట రాదు, నేనేం చేయగలను" అని చివర్లో రాశారు. మా దగ్గర ఎనభై దాటిన ఒకాయన ఉండేవారు. మోకాళ్లు పనిచేయవు, చూపు తక్కువ. ఆయనకు రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసిపెట్టాల్సిందే. నేను అందరి సాయం తింటున్నానని ఆయనకు మీలాగే బాధ. ఒకరోజు నేనే అడిగాను, "ఉదయం ఏడింటికి ఒంటరిగా ఉండే ఐదుగురికి ఫోన్ చేస్తారా" అని. ఆరేళ్లు చేశారు, ఒక్క రోజు కూడా తప్పలేదు. ఒకరికి వాతావరణం చెప్పేవారు, ఒకరి చేత మాత్రలు వేయించేవారు, ఒకరితో ఊరికే నవ్వేవారు. ఒకరోజు ఐదుగురిలో ఒకావిడ ఫోన్ ఎత్తలేదు. రెండుసార్లు చేసి, వెంటనే పక్కింటివాళ్లకు చెప్పారు. తలుపు తీయించి చూస్తే పక్షవాతం వచ్చి పడి ఉన్నారు. పక్షవాతంలో ఒక్కో నిమిషం ఎంత విలువైనదో నర్సుగా నాకు తెలుసు. ఆవిడ ఆ తర్వాత కర్ర సాయంతో నడిచారు. ఆయన నిచ్చెన ఎక్కలేరు, బరువు మోయలేరు. చేసిన పని మాత్రం ఇంకెవరూ చేయలేదు.

కాబట్టి మీకు వచ్చింది ఏదో చూసుకోండి. ఫారాలు నింపడం, పిల్లలకు లెక్కలు చెప్పడం, ఆసుపత్రిలో క్యూలో నిలబడటం. ఆరు వారాలు మంచంలో ఉన్నారు కదా, కాలు విరిగినవాళ్లకు ఏ వేళలో ఏం కావాలో అక్కడ ఇంకెవరికీ మీ అంత తెలియదు. స్నానానికి స్టూలు వేసుకోవాలని, రాత్రి పూట దారిలో చాప ఉండకూడదని, మూడో వారంలో దిగులు కమ్ముకుంటుందని మీకు తెలుసు. తర్వాత ఎవరికైనా అలాంటిది జరిగితే వెళ్లి ఆ మూడు మాటలు చెప్పండి.

హద్దులు మాత్రం పెట్టుకోండి. ఇది తేలిగ్గా తీసుకోవద్దు. రుణం తీర్చుకోవాలన్న ఆత్రంలో మీలాంటివాళ్లే ముందు అలసిపోతారు. మా దగ్గర ఒక యువకుడు ఉండేవాడు. బంగారంలాంటి మనిషి. ఎవరు ఎప్పుడు పిలిచినా కారు తీసేవాడు, అర్ధరాత్రి అయినా సరే. అందరూ అతన్నే పిలిచేవారు. నేను కూడా. మూడేళ్లకు ఒకరోజు ఫోన్ నంబర్ మార్చేసి ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. తప్పు మాది. ఒక మనిషి మీద అంత భారం వేసి, దానికి మంచితనమని పేరు పెట్టాం. అప్పటి నుంచి ఎవరికైనా వారంలో రెండు సార్లకు మించి పని చెప్పం. ప్రతి పనికీ ఇద్దరి పేర్లు రాస్తాం, ఒకరికి కుదరకపోతే రెండోవారు. నెల రోజులు సెలవు కావాలంటే కారణం అడగం.

తరాల తరబడి నిలిచిన సాయం ఎక్కడైనా ఉందంటే దాని వెనక ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. బెల్జియంలోని గీల్ అనే పట్టణంలో మానసిక వ్యాధి ఉన్నవాళ్లను మామూలు కుటుంబాలు తమ ఇళ్లల్లో పెట్టుకుని చూసుకోవడం వందల ఏళ్లుగా సాగుతోంది. 1930లలో అలా ఇళ్లల్లో ఉన్నవాళ్ల సంఖ్య 3,700 దాటింది. వాళ్లను రోగులని పిలవరు, ఇంట్లో ఉండే అతిథుల్లా చూస్తారు. వినడానికి ఇది ఒట్టి మంచితనమే అనిపిస్తుంది. కానీ ఆ కుటుంబాలకు కొంత భత్యం వస్తుంది, కష్టమైన రోజున పిలిస్తే పలికే ఆసుపత్రి వెనకాల ఉంది. మనసుతో పాటు ఆసరా కూడా ఉండబట్టే ఒక ఇంట్లో తల్లి చేసిన పనిని తర్వాత కూతురు అందుకుంది.

ఇంకో విషయం, ఇది నేను చేసిన తప్పు కాబట్టి చెప్పాలి. మొదట్లో ఒక కుటుంబానికి పెద్ద కష్టం వస్తే, అందరికీ తెలియాలన్న తొందరలో వాళ్ల పరిస్థితి మొత్తం ఒక సమావేశంలో చెప్పేశాను. జబ్బు పేరు, అప్పుల సంగతి, అన్నీ. సాయం వెల్లువలా వచ్చింది. కానీ ఆ ఇంట్లో పదిహేనేళ్ల పిల్లాడు బయటికి రావడం మానేశాడు. ఎవరు పలకరించినా జాలిపడుతున్నట్టే ఉంటుందని వాళ్లమ్మతో అన్నాడట. ఆ పిల్లాడికి క్షమాపణ చెప్పాను. అప్పటి నుంచి మొదట అడిగే ప్రశ్న "ఎంత వరకు చెప్పమంటారు, ఎవరికి చెప్పమంటారు" అన్నదే. చిన్న చోట్ల మాట త్వరగా పాకుతుంది. సాయం చేయించేది ఆ పాకడమే, మనిషిని చిన్నబుచ్చేదీ అదే. మీ విషయంలో కూడా ఎవరైనా అవసరానికి మించి ఆరా తీస్తే "ఆ సంగతి వద్దండి" అని మెత్తగా అనే హక్కు మీకుంది. సాయం తీసుకున్నంత మాత్రాన మీ జీవితం అందరి ముందూ పరవనక్కర్లేదు.

అరుదుగా చెడ్డ అనుభవాలూ ఉంటాయి. "ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి" అనేవాళ్లు, ఇంకెవరినీ రానివ్వకుండా అన్నీ తామే చేస్తామనేవాళ్లు, చేసిన వారానికే చేబదులు అడిగేవాళ్లు, నలుగురిలో తాము చేసింది ఎత్తి చూపేవాళ్లు. వీళ్లలో ఎవరు ఎదురైనా అక్కడే ఆగి, నమ్మకమున్న ఇంకో మనిషికి చెప్పండి. బ్యాంకు కార్డు, పాస్‌వర్డ్, ఇంటి రెండో తాళం ఎంత మంచివాళ్లకైనా అలవాటుగా ఇచ్చేయకండి. తాళం ఇవ్వాల్సి వస్తే ఇద్దరికి తెలిసేలా ఇవ్వండి. నిజంగా మీ మేలు కోరేవాళ్లు దీనికి నొచ్చుకోరు.

చివరగా, నన్ను చాలాకాలంగా తొలుస్తున్నది ఒకటుంది. మీకు సాయం బాగా అందింది. మీరు మర్యాదగా మాట్లాడతారు, అందరితో కలుస్తారు అనిపిస్తోంది. అదే చోట చిరాకు మనిషి ఎవరైనా ఉండొచ్చు. ఎవరితోనూ పడనివాళ్లు, ఎప్పుడో ఏదో గొడవపడినవాళ్లు, తలుపు తీయనివాళ్లు. వాళ్ల కాలు విరిగితే అంతమంది వెళ్తారా? మా నోట్‌బుక్ తిరగేసినప్పుడు పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ వెళ్లని ఇళ్లు నాలుగు కనిపించాయి. ఆ నాలుగు ఇళ్లల్లో కష్టం లేక కాదు. నేనే వెళ్లి తలుపు తట్టాను. రెండు తలుపులు తెరుచుకున్నాయి. మూడో ఇంటాయన కిటికీలోంచి మాట్లాడతాడు, అది చాలు ప్రస్తుతానికి. నాలుగోది ఇంకా తట్టుతూనే ఉన్నాను. మీరు కొత్తవారు, పాత గొడవలతో మీకు సంబంధం లేదు. అలాంటి తలుపు మీ దగ్గర ఏదైనా ఉంటే, అక్కడ పాతవాళ్ల కంటే మీరు వెళ్లడం తేలిక.

ముందు మాత్రం నొచ్చుకున్న పెద్దావిడ దగ్గరికి వెళ్లండి. ఈ ఆదివారమే వెళ్లండి, చేతిలో ఏమీ పట్టుకోకుండా. మీరు మంచంలో ఉన్నప్పుడు ఆవిడ చేసినవాటిలో మీకు బాగా గుర్తున్నది ఒకటి చెప్పండి. కాసేపు కూర్చోండి. లేచేటప్పుడు, నిచ్చెన ఉంటే ఒకసారి ఇస్తారా అని అడగండి. ఏమన్నారో వీలైతే ఇక్కడ రాయండి, చదవాలని ఉంది.